పంతొమ్మిది బుడ్ల మందు

కళ్యాణదుర్గం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు ఖాజా పీర్ కుమ్మే ఎద్దుకు జడిసేవాడు కాదు, తన్నే గుర్రానికీ జడిసేవాడు కాదు. ముక్కుతాడు పట్టుకుని చెవిలో ఏదో గొణిగి ఎంత పొగరుబోతు కోడెనైనా నేల మీద పండబెట్టేవాడు. ఆయన భయమంతా మనుషుల నోటికి. "నీ వల్లనే అయింది" అని ఎవరన్నా వేలు చూపిస్తారేమోనని పదహారేండ్ల నౌకరీలో ఏ మందునూ పుస్తకంలో రాసిన కొలతకు ఒక్క చుక్క ఎక్కువ పోసి ఎరగడు. ఒక చెంచా అని రాసుంటే ముప్పావు చెంచా పోసి సీసా మూత బిగించేవాడు. ఆసుపత్రి వెనకాలే వాళ్ల క్వార్టర్సు. ఆయన భార్య మస్తానాబీ కిటికీలోంచి ఇది చూసి నవ్వేది.

"నువ్వు మందు ఇచ్చినావని రోగానికి తెలిసేదెట్లయ్యా?"

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరంలో ఆ మాటకు నవ్వడం మానేసినారు ఇద్దరూ.

ఆ యేడు ఎన్నడూ లేనట్టు ఆషాఢంలోనే రెండు పదునుల వాన పడింది. శెనక్కాయ చేన్లు పచ్చగా లేచినాయి. లేచిన పదిహేను దినాలకే కంబళి పురుగు దిగింది. ఒక చేను తినేసి బాట దాటి ఇంకో చేను మీదికి పోతుంటే నడిచేవాళ్ల కాళ్ల కింద చిటచిటమనేది. అప్పుడే కొత్త మందు వచ్చింది. నీళ్లలో పోస్తే పాల మాదిరి తెల్లబడేది, కుళ్లిన వెల్లుల్లి వాసన కొట్టేది. వీపున డబ్బా పంపు కట్టుకుని మగోళ్లు కొడుతుంటే ఆడోళ్లు కడవలతో నీళ్లు తెచ్చి తొట్లో మందు కలిపేవాళ్లు. పురుగు మాత్రం కొట్టిన పూటకే రాలిపోయేది. రైతులు ఆ మందును కండ్లకద్దుకున్నారు.

వారం తిరగక ముందే గొర్రెలు పడిపోవడం మొదలైంది. చేని గట్ల మీద, గెనాల మీద గడ్డి మేసిన గొర్రెలకు నోట్లోంచి నురగ, కాళ్లలో వణుకు, గొంతులో ఈల. కుళ్ళాయప్ప అనే గొర్రెల కాపరి మూడింటిని భుజాన వేసుకుని ఒకటొకటిగా ఆసుపత్రికి మోసుకొచ్చినాడు. డాక్టరు రామదాసు చూసి, "ఇది పురుగుమందు విషం. అట్రోపిన్ ఎయ్యప్పా, బాగా పట్టించి ఎయ్యి" అని చెప్పి ఇంకో పశువును చూడను పోయినాడు. అట్రోపిన్ అంటే ఉమ్మెత్తకాయలో ఉండే విషం లాంటిదే అని ఖాజా పీర్‌కు తెలుసు. ఉమ్మెత్త తిని పిచ్చెత్తి బట్టలు చించుకున్నవాళ్లను ఆయన చిన్నప్పుడు చూసినాడు. పుస్తకం తీసి కొలత చూసినాడు. అలవాటు ప్రకారం దాంట్లో ముప్పావు ఎక్కించినాడు.

మూడు గొర్రెలూ మధ్యాహ్నానికి చచ్చిపోయినాయి.

కుళ్ళాయప్ప ఆసుపత్రి ముందర నిలబడి, వచ్చేపోయేవాళ్లందరూ వినేటట్టు అరిచినాడు. "ఏమప్పా సాయిబూ, ఊపిరితో తెచ్చినా గదా! సూది ఏసి సంపినావు గదా!"

ఖాజా పీర్ మందుల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. పదహారేండ్లుగా ఏ మాటకు భయపడినాడో ఆ మాట పడనే పడింది. అంతకన్నా లోపల ఇంకొకటి గుచ్చుకుంటా ఉండేది. తక్కువ వేసినానన్న సంగతి డాక్టరుకు చెప్పలేదు.

రామదాసు ధర్మవరం మగ్గాల ఇంటి మనిషి. మద్రాసులో పెద్ద చదువు కోసం ఏదో రాయవలసినది ఉండి, ఆ గొర్రెల చావు మీదనే రాద్దామని పూనుకున్నాడు. కాలేజీలో ఎవరో పారేసిన పాత యంత్రం ఒకటి తెచ్చి మందుల గది పక్క కొట్టులో బిగించినాడు. తాళంచెవి తిప్పితే మెల్లగా తిరిగే ఇత్తడి డ్రమ్ము అది. దాని చుట్టూ కాగితం చుట్టి, కిరసనాయిలు దీపం పొగ పట్టించి నల్లగా చేసేవాడు. పక్కన గాజుగొట్టంలో ఒంటి వేడికి కాచిన ఉప్పునీళ్లు. ఆ నీళ్లలోకి లారీ ట్యూబులోంచి సన్న గొట్టం గుండా గాలి బుడగలు వస్తుండేవి.

ఆ నీళ్లలో వేలాడదీసేది మేక ఊపిరిగొట్టం ముక్క. దాన్ని అంటుకుని ఉన్న నరంతో సహా కరీం సాబ్ మాంసం అంగడి నుంచి తెచ్చేది ఖాజా పీర్ పని.

"యాలప్పా ఇది? మేక పోయినాక దాని గొంతుతో మీ డాక్టరు మాట్లాడతాడా?" అని కరీం సాబ్ అడిగినాడు.

"నాకేం తెలుసు భాయ్. తెమ్మన్నాడు, తెస్తాండా."

మొదటి రోజు రామదాసు తమ మగ్గం మీది పట్టుపోగుతో ఆ ముక్కను కట్టి, పోగు కొసను ఒక చీపురుపుల్లకు తగిలించినాడు. పుల్ల మొన నల్లకాగితాన్ని తాకుతా ఉండాది. బ్యాటరీ నుంచి వచ్చే రెండు తీగలను నరానికి అట్లా ఆనించినాడు. అంతే, ఊపిరిగొట్టం మెల్లగా ముడుచుకుంది. పుల్ల పైకి లేచి నల్లకాగితం మీద తెల్లగీత గీసింది. తీగలు తీస్తే కండ సడలి పుల్ల దిగింది.

ఖాజా పీర్ చేతిలోని పళ్లెం కిందపడింది. ఆ మేక గొంతు కోసి రెండు గంటలైంది. చర్మం అంగడి ముందర ఆరుతా ఉండాది. మాంసం ఎవరి ఇంట్లోనో పొయ్యి మీద ఉడుకుతా ఉండాది. గొంతు మాత్రం ఈడ ఎవరో పిలిచినట్టు కదులుతోంది.

"యా అల్లా! సార్, ఇది పాపం సార్."

"పాపమూ కాదు, దయ్యమూ కాదప్పా. నరం చెప్తే కండ వింటాది. మేకకు ప్రాణం పోయినా కండకు కాసేపు ఉంటాది. నీ గొంతులోనూ నా గొంతులోనూ ఇట్లాంటి కండే" అన్నాడు రామదాసు.

ఆ పొద్దు అన్నం తింటుంటే ప్రతి ముద్దకూ ఖాజా పీర్ చెయ్యి గొంతు మీదికే పోయింది. లోపల ఏదో మెల్లగా ముడుచుకుంటున్నట్టే ఉండేది.

నాలుగో రోజు రామదాసు పురుగుమందును బాగా పలచన చేసి, గాజుగొట్టంలో ఒక్క చుక్క వేసినాడు. కాసేపటికి తీగలు అట్లా తాకించి తీసినాడో లేదో, పుల్ల ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. తీగలు తీసినా దిగలేదు. డ్రమ్ము తిరుగుతానే ఉండాది, పుల్ల ఆకాశాన్ని చూస్తా ఉండాది. పట్టిన పట్టు వదలలేదు. ఖాజా పీర్‌కు కుళ్ళాయప్ప గొర్రెల గొంతులోని ఈల మళ్లీ వినపడింది.

"ఇప్పుడు అట్రోపిన్ చూడు" అని రామదాసు ఒక చుక్క వేసినాడు. మొన్న విషం తగలని ముక్క మీద వేసి చూసినప్పుడు ఆ ఒక్క చుక్కతోనే నరం ఎంత చెప్పినా కండ వినకుండా పోయింది. ఈ తూరి పుల్ల కొంచెం వణికి అట్లనే నిలిచింది. రెండో చుక్క, మూడో చుక్క. ఊహూఁ. నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోసినాడు. మళ్లీ చుక్క మీద చుక్క. పదో చుక్కకు పుల్ల దిగడం మొదలైంది. నల్లకాగితం మీద తెల్లగీత వాలుగా వచ్చి మొదటి చోటికి దిగింది.

"చూసినావా ఖాజా పీర్? నీళ్లలో విషం ఉన్నంతసేపూ మందు పోసి లాభం లేదు, ముందు కడగల్ల. ఇంగ మందు సంగతి, ఇది పుస్తకం చూసి కొలిచే మందు గాదు. పట్టు వదిలేదాకా పోసే మందు."

ఖాజా పీర్ నోరు తెరిచినాడు. సార్, ఆ గొర్రెలకు నేను ముప్పావే వేసినా అని చెప్పాలనుకున్నాడు. చెప్పకుండానే పళ్లెం కడుక్కుని బయటికి వచ్చేసినాడు.

తర్వాతి మంగళవారం రామదాసు ఏదో మీటింగని పొద్దున బస్సుకు అనంతపురం పోయినాడు. మధ్యాహ్నం ఎండ చురచురమంటోంది. ఖాజా పీర్ సూదులు ఉడకబెట్టి ఆరబోస్తుంటే గేటు కాడ కేకలు వినపడినాయి. నులకమంచం మీద ఎవరినో మోసుకొస్తున్నారు. ముందర పరిగెత్తుతున్నవాడు కుళ్ళాయప్ప. వెనకాల మనుషుల ఆసుపత్రి కాంపౌండరు యేసన్న, చెమటలు కక్కుతా వస్తున్నాడు.

మంచం మీద కుళ్ళాయప్ప పెండ్లాం ఓబమ్మ. పొద్దున్నుంచి ఓబన్న అనే రైతు చేన్లో తొట్టి కాడ నిలబడి చేత్తోనే మందు కలిపింది. కడవ ఒలికి చీరంతా తడిసినా పని ఆపలేదు. ఇప్పుడు నోటి నుంచి చొంగ ధార కట్టింది. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయినాయి. చెంపల మీద, చేతుల మీద కండ పురుగులు పాకినట్టు అదురుతోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ గొంతులోంచి అదే ఈల.

"మా డాక్టరు కలరా సూదులెయ్యను పల్లెల మీద పోయినాడు ఖాజన్నా, పొద్దు గూకితే గానీ రాడు. అట్రోపిన్ మా కాడ రెండే బుడ్లుంటే రెండూ ఏసినా. ఏం మార్పు లేదు. అనంతపురం బస్సు ఇంకో గంటకు" అన్నాడు యేసన్న రొప్పుతా.

గంట! ఓబమ్మ పెదవులు అప్పటికే నేరేడుపండు రంగుకు తిరిగినాయి.

ఖాజా పీర్ వంద రకాలుగా తప్పించుకోవచ్చు. ఇది పశువుల ఆసుపత్రి. మనిషికి సూది వేసే హక్కు ఆయనకు లేదు. ఆయమ్మ చచ్చిపోతే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, జైలు. అదీ కాక ముందర నిలబడినవాడు కుళ్ళాయప్ప, ఊరంతా వినేటట్టు "సంపినావు" అన్న మనిషి.

కుళ్ళాయప్ప ఆ పొద్దు అరవలేదు. రెండు చేతులూ జోడించి కూడా అడగలేదు. గాలి అందని చేప మాదిరి నోరు తెరిచి భార్య మొహాన్నే చూస్తున్నాడు. "ఖాజన్నా, గొర్రెలు ఇట్లనే పోయినాయి గదా" అన్నాడు. అంతే.

ఆ మాట వినగానే ఖాజా పీర్‌కు ఆ గాజుగొట్టం కండ్ల ముందరికి వచ్చింది. ముందు నీళ్లు మార్చల్ల.

"మస్తానా! బిరీన రా! సబ్బు తీసుకురా, నీ చీర ఒకటి తీసుకురా!" అని పెరట్లోకి కేకేసినాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

మస్తానాబీ వచ్చి ఒక్క చూపు చూసి ఇంకేమీ అడగలేదు. మగోళ్లను బయటికి తరిమి, ఓబమ్మ ఒంటి మీది తడిచీర లాగి దూరంగా విసిరేసింది. చేతులకు ఎడ్లకు కట్టే గుడ్డలు చుట్టుకుని నెత్తి నుంచి కాళ్లదాకా సబ్బు రుద్ది, బిందె మీద బిందె పోసి కడిగింది. వెల్లుల్లి కంపుకు ఆమెకూ కండ్లలో నీళ్లు కారినాయి. తన చీర కప్పి, "రాండి" అని పిలిచింది.

ఖాజా పీర్ మందుల అలమర తెరిచినాడు. రామదాసు గొర్రెల కోసం తెప్పించిన డబ్బా ఉండాది. లోపల వరసగా వేలెడంత గాజుబుడ్లు, ఇరవై నాలుగు. ఒకటి చేతికి తీసుకుంటే జారి బండ మీద పగిలింది. రెండోది మెడ విరిచి సూదిలోకి లాగినాడు. మనుషులకూ వాడే మందే, బుడ్డి మీద రాసిందీ మనుషుల కొలతే. ఆ సంగతి ధైర్యం ఇవ్వకపోగా ఇంకా భయపెట్టింది. ఒక్క మనిషికి ఒక్క బుడ్డి. యేసన్న అప్పటికే రెండు వేసినాడు.

దండ కండలో గుచ్చినాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఓబమ్మను పక్కకు తిప్పి పండబెట్టి మస్తానాబీ నోట్లోని నురగను గుడ్డతో తుడుస్తోంది. తుడిచేకొద్దీ వస్తోంది. ఈల తగ్గలేదు.

యేసన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆపు ఖాజన్నా. నావీ నీవీ కలిపి అయిదు బుడ్లు పడినాయి. ఇంగొకటి ఏస్తే ఆ విషం సంపిందో నువ్వు సంపినావో ఎవరికీ తెలీదు. రాతమూలకంగా నేనేం చెప్పల్ల?"

"విషం తగిలిన గొంతుకు ఒక చుక్క చాలదు యేసన్నా. పది పోస్తే గానీ పట్టు వదల్లేదు. నా కండ్లతో చూసినా, మేక గొంతును."

"మేక గొంతూ మనిషి గొంతూ ఒకటేనా?"

ఖాజా పీర్ ఆగిపోయినాడు. ఒకటేనని రామదాసు అన్నాడు. కానీ రామదాసు ఎన్నడన్నా మనిషి గొంతును ఆ నీళ్లలో వేలాడదీసినాడా? మేకకు పది చుక్కలంటే ఈమెకు ఎన్ని? ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరినీ అడగను లేదు. చెమట కండ్లలోకి దిగి మండుతోంది.

"తెలీదు" అన్నాడు. "నాకు తెలీదు యేసన్నా. ఆపితే మాత్రం ఏమైతాదో తెలుసు. ఆ గొర్రెలకు నేను తక్కువ ఏసినా. జడుపుతో తక్కువ ఏసినా."

గుమ్మం దగ్గర కుళ్ళాయప్ప ఉండాడు. ఆ మాట విన్నాడు. ఖాజా పీర్ అది చూసినాడు. చూసి కూడా ఇంకో బుడ్డి మెడ విరిచినాడు.

యేసన్న ఒక్క క్షణం అట్లనే నిలబడి, తలకాయ ఊపి, చొక్కా చేతులు పైకి మడిచినాడు. "అయితే కండలో గాదు, నెత్తురు నరంలోకి ఎయ్యల్ల. కండలోంచి పోయేసరికి పొద్దు పోతాది. ఇట్ల తే. మనుషుల నరాలు నాకు తెలుసు."

యేసన్న ఓబమ్మ మోచేతి పైన తాడు బిగించి నరం పట్టుకున్నాడు. ఖాజా పీర్ బుడ్డి మీద బుడ్డి విరిచి సూది నింపి ఇస్తున్నాడు. ఎనిమిది. పది. పన్నెండు దాటినాక గాజు పెంకులు గుచ్చుకుని ఆయన బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. సూది ఎక్కించిన ప్రతిసారీ ఇద్దరూ ఓబమ్మ వీపు మీద చెవి పెట్టి వింటున్నారు. లోపల గళగళమని, ఇసుకలో నీళ్లు మరిగినట్టు చప్పుడు. మధ్యలో ఒకసారి ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఊపిరి లేదు. మస్తానాబీ ఓబమ్మ చెంపల మీద ఫెడీలున కొట్టి, "ఓబక్కా! పీల్చు! పీల్చల్ల నువ్వు!" అని అరిచింది. ఖాజా పీర్ లోపల్లోపల, చావు దగ్గర చదివే కలిమా చదువుకున్నాడు. ఎవరి కోసం చదువుతున్నాడో తనకే తెలియలేదు, ఆమె కోసమా, తన కోసమా. కీచుమని ఒక ఊపిరి లోపలికి పోయింది.

పదిహేడో బుడ్డికి చొంగ పలచబడింది. పద్దెనిమిదికి ఈల సన్నబడింది. పంతొమ్మిదోది ఎక్కించి, చెవి పెట్టి విన్నారు. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. మామూలు మనిషి నిద్రపోతున్నట్టు, తేటగా.

"వదిలింది" అన్నాడు ఖాజా పీర్. బయటికి పోయి గోడ పక్కన కూర్చున్నాడు.

గండం గడిచిందనుకున్నారు. ఇంకా గడవలేదు. సాయంత్రం ఎండ తగ్గే వేళకు ఓబమ్మ కండ్లు తెరిచింది. కంటిపాపలు ఇప్పుడు చీకట్లో పిల్లి కండ్ల మాదిరి నల్లగా గుండ్రంగా విచ్చుకున్నాయి. మొహం ఎర్రగా, ఒళ్లు పెనం మాదిరి కాలుతోంది. గాల్లోంచి ఏదో పీకుతున్నట్టు వేళ్లు ఆడిస్తోంది. మొగుణ్ని గుర్తుపట్టలేదు. "మంచం నిండా పురుగులు, తుడవండి, తుడవండి" అని చీరను పీక్కుంటోంది.

కుళ్ళాయప్ప వెనక్కి జరిగినాడు. "ఇది ఉమ్మెత్త పిచ్చి! ఏం మందు ఏసినావన్నా నా పెండ్లానికి?"

బతికించినానని ఖాజా పీర్ అనుకున్నది ఒక్క గడియ. ఈ మనిషి ఇట్లనే ఉండిపోతే? జీవితమంతా గాల్లో పురుగులు ఏరుకుంటా ఉండిపోతే? చంపడం కంటే అది తక్కువ తప్పా? ఓబమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్న మస్తానాబీ తల ఎత్తి భర్త మొహం చూసి, ఒక చెయ్యి చాచి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. పారిపోతాడనుకుందో ఏమో.

దీపాలు పెట్టే వేళకు మనుషుల ఆసుపత్రి డాక్టరు జీపు దిగి నేరుగా వచ్చినాడు. నెత్తి నెరిసిన మనిషి. బండ మీద గుట్టగా ఉన్న గాజు పెంకులను చూసినాడు.

"ఎన్ని?"

"పంతొమ్మిది సార్. యేసన్న ఏసిన రెండు గాక."

డాక్టరు వంగి స్టెతస్కోపు పెట్టి, వీపు మీద నాలుగు చోట్ల చాలాసేపు విన్నాడు. కండ్లు విప్పి చూసినాడు. ఖాజా పీర్‌కు ఆ కాసేపు ఒక యేడు మాదిరి గడిచింది. పోలీసోళ్లను పిలుస్తాడా? తన్నుతాడా?

"ఈ వెర్రి మందుది. దిగిపోతాది" అన్నాడు డాక్టరు చివరికి. "ఊపిరి మళ్లీ పట్టేస్తే మాత్రం మందు మళ్లీ ఎయ్యల్సి వస్తాది. ఇంకో రెండు బుడ్లు సూదిలో నింపి పెట్టుకో."

మళ్లీ ఎయ్యమన్నాడంటే, వేసింది తప్పు కాదనే. ఆ మాట అర్థం కావడానికే ఖాజా పీర్‌కు చాలాసేపు పట్టింది.

ఓబమ్మకు మరుసటి దినం మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. మూడో దినం సంగటి తిన్నది. ఇంటికి పోయే ముందర ఆమె ఖాజా పీర్‌తో ఒక్క మాట అన్నది. "అన్నా, నాకు అంతా వినపడతానే ఉండె. గొంతు మీద ఎవరో కూసున్నట్టుండె. తెలీదు, తెలీదు అంటాండావు నువ్వు. నాకు యాడ లేని జడుపు ఆ మాటకే పుట్టిందప్పా!" అని నవ్వింది. ఆయన నవ్వలేకపోయినాడు.

గొర్రెల సంగతి కుళ్ళాయప్ప ఎత్తలేదు. చివరికి ఖాజా పీర్ తనే ఎత్తినాడు.

"తెలుసు" అన్నాడు కుళ్ళాయప్ప. "గుమ్మం కాడ విన్నా. నా కడుపు మండుతానే ఉండాది అన్నా, అబద్ధమెందుకు చెప్పల్ల. గొర్రెలు గొర్రెలే. ఓబి ఓబియే." భార్యను చెయ్యి పట్టి నడిపించుకుంటా పోయినాడు.

పశువుల ఆసుపత్రి మందు మనిషికి వాడినందుకు సంజాయిషీ అడుగుతా పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రామదాసు నల్లకాగితాల గీతలన్నీ జతచేసి నాలుగు పేజీల జవాబు రాసినాడు. దానికి మళ్లీ జవాబు రాలేదు. ఏడాది పొడుగునా టపా జవాను సైకిల్ గంట వినపడితే చాలు, ఖాజా పీర్ గేటు దాకా పోయి చూసేవాడు.

ఓబమ్మ ఇంటికి పోయిన పన్నెండో దినం కంబళి పురుగు రెండో తూరి దిగింది. ఓబన్న చేన్లో మళ్లీ మందు కలుపుతున్నారని మస్తానాబీ నీళ్ల కాడ విని వచ్చి చెప్పింది. కూలికి పోయినవాళ్లలో ఓబమ్మ లేదట, ఆమె తోడికోడలు పెద్దక్క పోయిందట.

ఖాజా పీర్ సైకిల్ తీసినాడు. ఎందుకు పోతున్నాడో దారంతా తనను తాను అడుగుతానే ఉన్నాడు. ఓబన్న ఊర్లో నోరున్న మనిషి. ఆయన ముందర గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ. చేను కనపడగానే సైకిల్ దిగి, రెండు తూర్లు వెనక్కి తిప్పినాడు.

తొట్టి కాడ పెద్దక్క, ఇంకో ఇద్దరు ఆడోళ్లు మోచేతులదాకా తెల్లనీళ్లలో చేతులు పెట్టి కలుపుతున్నారు. ఓబన్న గెనెం మీద నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, పశువుల కాంపౌండరువు, నా చేను కాడ నీకేం పని?"

"ఓబన్నా, చేతులతో కలపొద్దని చెప్పు." మాట పీలగా వచ్చింది. మళ్లీ అన్నాడు. "చేతులతో కలపొద్దు."

"నువ్వెవరప్పా నాకు చెప్పను? పురుగు చేనంతా తినిపోతే నువ్వొచ్చి పెడతావా తిండి?"

కూలివాళ్లందరూ పని ఆపి చూస్తున్నారు. ఖాజా పీర్ సైకిల్ హ్యాండిలును ఊతగా పట్టుకున్నాడు. "మందు కొట్టొద్దనలేదన్నా. నా కాడ బుడ్లు ఒక మనిషికి చాలేటన్ని కూడా లేవు. మందు పంపమని ఇండెంటు పెట్టినాము, ఇంకా రాలేదు. ఈ పొద్దు ఈళ్లలో ఎవరన్నా పడిపోతే, నేనూ నువ్వూ మంచం పక్కన కూసుని చూస్తా ఉండల్ల. నేను చూసినా ఓబన్నా. ఎట్లుంటాదో నేను చూసినా."

ఓబన్న ఏదో అనబోయి ఆగినాడు. ఆ మనిషి మొహంలోని భయం తనంటే భయం కాదని ఆయనకు తోచిందేమో. కాసేపు చేను వైపు చూసి, ఉమ్మేసి, "ఏయ్, ఆ కానుగ కొమ్మ ఇరవండి. దాంతో తిప్పండి" అన్నాడు కూలివాళ్లతో. "సాలునా సాయిబూ?"

"చేతులు కడుక్కోమను. సబ్బుతో."

"సబ్బు యాడుందిరా ఈడ!"

ఖాజా పీర్ జేబులోంచి సబ్బుబిళ్ల తీసి పెద్దక్కకు ఇచ్చినాడు. గెనెం మీద ఎండలోనే చతికిలబడినాడు. ముగ్గురూ మోచేతులదాకా కడుక్కుని, కొంగులతో తుడుచుకునేదాకా అట్లనే చూస్తా కూర్చున్నాడు.